చెవి పోతే తాళం పోయినట్టే

నాంపల్లి ఉస్తాద్ పోయాడు. రెండు వారాల కిందట ఆదివారం పొద్దున నేను కారు తుడుస్తుంటే, ఆయన డబ్బా కొట్టు పక్కన పూలమ్మే ఆవిడ హిమాయత్‌నగర్ దాకా వెతుక్కుంటూ వచ్చి చెప్పింది. "తాళాల తాత పోయిండు బిడ్డా. నీకు చెప్పకుంటే ఎట్ల అని వచ్చిన" అంది. తడిగుడ్డ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా డాక్టరమ్మ బయటికొచ్చి నా మొహం చూసి సంగతి అడిగింది. "ఈపూట నేను రిక్షాలో పోతాలే, నువ్వు వెళ్ళు" అంది.

నాకు రాత అలవాటు లేదు. గుడివాడలో ఎస్సెల్సీ దాకా చదివాను. ఆ తర్వాత చేతికి స్టీరింగు దొరికింది, పుస్తకం జారిపోయింది. కానీ పెద్దపెద్దవాళ్ళు పోతే పత్రికలు పేజీలకు పేజీలు నింపుతాయి కదా, ఆబిడ్సుకీ నాంపల్లికీ మధ్య అన్నేళ్ళు కూర్చుని సగం నగరానికి తలుపులు తెరిచిపెట్టిన మనిషికి నాలుగు మాటలు రాసే దిక్కు లేదా అని నాకు ఒళ్ళు మండింది. అందుకే రాస్తున్నాను. తప్పులుంటే అవి నావి, ఆయనవి కావు.

రాష్ట్రాలు కలిసి రాజధాని హైదరాబాదు అయ్యాక, మా వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్ళ వెనకే నేనూ వచ్చాను. గన్‌ఫౌండ్రీలో క్లినిక్ పెట్టిన డాక్టరమ్మ దగ్గర డ్రైవరుగా కుదిరాను. ఆవిడకు ఒక పాత నల్ల కారు ఉండేది. కొత్త మనిషిని కదా, కారు దిగగానే తాళాలు ఆవిడే పుచ్చుకుని బ్యాగులో వేసుకునేది. నాకు లోపల చురుక్కుమనేది గానీ పైకి అనడానికి ఏముంది!

ఒకనాడు ఆబిడ్సులో చీరల కొట్లో ఆ బ్యాగులోంచే తాళాలు ఎక్కడో జారిపోయాయి. కొట్టంతా వెతికించాం. దొరకలేదు. కారు రోడ్డు మీద, మేము దాని పక్కన. ఎవరినైనా పిలుచుకురమ్మని ఆవిడ అంటే నాంపల్లి వైపు పరుగెత్తాను. అక్కడొక చెక్క డబ్బా, అందులో బాసింపట్టు వేసుకుని ఒక పెద్దాయన. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి, నాంపల్లిలో ఒక ముసలి పనివాడి దగ్గర ఈ విద్య నేర్చుకున్నాడట. గురువు పోయాక ఆయన్ని పిలిచినట్టే బజారు వాళ్ళు ఈయన్నీ ఉస్తాద్ అనడం మొదలుపెట్టారు.

"ఏమండీ, కారు తాళం పోయిందండీ" అన్నాను.

"కారు ఎవలది?"

"మా డాక్టరమ్మదండీ."

"అమ్మ ఏది?"

"ఆబిడ్సులో కొట్లో కూర్చుంది."

"తోల్కరా. ఓనర్ నిలబడనిది నేను చెయ్యి పెట్ట."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నేను దొంగలా కనిపిస్తున్నానా?" అని అడిగాను.

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. "దొంగ గిట్లనే కనవడ్తడు తమ్మీ. దొర గూడ గిట్లనే కనవడ్తడు. నాకేమెర్క?"

మొహం మాడ్చుకుని వెనక్కి వెళ్ళి, ఎండలో డాక్టరమ్మను నడిపించుకొచ్చాను. అప్పుడు గానీ ఆయన సంచీ సర్దుకుని లేవలేదు. కారు దగ్గరికొచ్చి ఏదో తీగతో తలుపు తెరిచాడు. ఆ తర్వాత స్క్రూడ్రైవరు తీసి తలుపుకున్న తాళాన్నే ఊడబెరకడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నారండీ! తాళం బాగానే ఉంది కదా!" అని అరిచాను.

"బాగుంటే పోయిందని ఎందుకన్నవ్?"

మా వైపు తలుపుకు వేసేదీ తాళమే, జేబులో వేసుకునేదీ తాళమే. ఆయన లెక్కలో తలుపుకున్నది తాళం, చేతిలోది చెవి. తాళం పోయిందంటే చెడిపోయిందనుకున్నాడు. సంగతి తెలిసి డాక్టరమ్మ రోడ్డు మీదే పకపకా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. స్క్రూడ్రైవరు పట్టుకుని కాసేపు ఆలోచించాడు.

"లేదు తమ్మీ, నువ్వన్నదే సరి. చెవి పోతే తాళం పోయినట్టే. అది ఎవని చేతుల పడ్డదో ఎవలకెర్క? గిప్పుడు గీ తాళం వానిది గూడ" అన్నాడు.

అందుకని పాత చెవికి నకలు చేసి చేతులు దులుపుకోలేదు. తాళాలు విప్పి, లోపలున్న సన్నని ఇత్తడి పలకలను తారుమారు చేసి బిగించాడు. దారిలో దొరికిన చెవిని ఎవడైనా తెచ్చి తిప్పినా ఇక తిరగదు. ఆ తర్వాత పళ్ళు లేని కొత్త చెవికి దీపం మసి పట్టించి, తాళంలో పెట్టి కదిపి, మసి చెరిగిన చోటల్లా ఆకురాయితో కొంచెం కొంచెంగా గీసి పళ్ళు దిద్దాడు. మధ్యమధ్య తాళం దగ్గర తల వంచి వినేవాడు. ఒక చెవి చెడింది. దాన్ని మా కళ్ళ ముందే రెండు ముక్కలు చేసి డాక్టరమ్మ చేతిలో పెట్టాడు. కుదిరిన చెవులను కూడా తాను తిప్పి చూపించలేదు. "మొదాలు మీరే తియ్యాలె. తాళం మీది" అని ఆవిడకే ఇచ్చాడు.

అప్పటి నుంచి క్లినిక్కులో ఆవిడకు పని ఉన్నంతసేపూ నా మకాం ఆ డబ్బా దగ్గరే. కోపంతో మొదలైన పరిచయం, ఎలా కుదిరిందో నాకే తెలియదు. నా "అండీ"లను ఆయన వెక్కిరించేవాడు. "నువ్వు అండి అండి అంటుంటే నాకు పెండ్లికొచ్చినట్టున్నది" అనేవాడు. నేను మాత్రం మానలేదు.

ఒక మధ్యాహ్నం టెర్లిన్ చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి, రుమాలు విప్పి సబ్బు ముక్క తీశాడు. దాని మీద ఏదో కారు చెవి అచ్చు దిగి ఉంది. ఇలాంటిది ఒకటి చేసిపెట్టమన్నాడు. ఉస్తాద్ సబ్బును అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిది. చేతులకు శానా నూనె ఉన్నది" అని లేచాడు. పంపు దగ్గరికి పోయి ఆ సబ్బుతో మోచేతుల దాకా శుభ్రంగా రుద్దుకుని, అచ్చంతా అరిగిపోయాక తిరిగి ఇచ్చాడు. "వాసన మంచిగున్నది. ఏడ కొన్నవ్?" అని కూడా అడిగాడు. ఆ పెద్దమనిషి మళ్ళీ ఆ వీధిలో కనబడలేదు. నేను కడుపు పట్టుకుని నవ్వుతుంటే ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఊరికే కూర్చున్నాడు.

పోనీ, ఎవరింటి తాళం తెరిచారు, లోపల ఏం చూశారు అని అడిగితే కబుర్లయినా చెప్పేవాడా అంటే అదీ లేదు. "చెవి అంటరు గదా, నోరు అనరు గదా! ఇన్నది ఇన్నట్టు ఉండాలె" అనేవాడు. ఆ మాట మా ఆవిడకు చెబితే, మీరూ కాస్త నేర్చుకోండి అంది.

ఇక అసలు సంగతి. కొన్నాళ్ళకు ఆ కారు పోయింది. డాక్టరమ్మ ఒక రోగిని చూడడానికి మేడ మీదికి వెళ్ళింది, నేను టీ తాగడానికి వెళ్ళాను. వచ్చేసరికి కారు లేదు. మర్నాడు కాచిగూడ స్టేషను అవతల దొరికింది. టైర్లు, బ్యాటరీ లేవు. తాళం మాత్రం చెక్కుచెదరలేదు. అంటే చెవి ఉన్నవాడే తీశాడు. ఆవిడ చెవి బ్యాగులోనే ఉంది. రోజూ దాన్ని చేత్తో పట్టుకుని, నకలు చేయించే వీలున్నది ఎవరికి? నాకే. ఎక్కడినుంచో వచ్చినవాణ్ణి నమ్మితే ఇంతేనని డాక్టరమ్మ అన్నగారు ఆవిడ ఎదుటే అన్నాడు. ఆవిడ కాదనలేదు.

ఠాణాలో కూర్చోబెట్టారు. దెబ్బల కంటే నాకు పేరు భయం ఎక్కువ. డ్రైవరు దొంగ అన్న మాట ఒకసారి బయటికి పొక్కితే ఈ ఊళ్ళో ఎవడూ స్టీరింగు ఇవ్వడు. అద్దె గదిలో భార్య, చంటిపిల్ల. ఇంతలో ఉస్తాద్‌ను పిలిపించారు. దొంగచెవి ఆయనే చేశాడేమోనని ఆయన మీదా అనుమానమే. డాక్టరమ్మ కూడా అక్కడే ఉంది.

"గీ డ్రైవర్ నీ తానకు వచ్చిండా?" అని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"వచ్చిండు."

"ఒక్కడే వచ్చిండా?"

"ఔ సార్, ఒక్కడే వచ్చిండు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. రాలేదు అంటే ఏం పోయింది ఈయనకి అని లోపల తిట్టుకున్నాను.

"చెవి చేసిచ్చినవా?"

"లే. అమ్మను తోల్కరా అన్న. మొకం మాడ్చుకొని పోయిండు, అమ్మను తోల్కొని వచ్చిండు. దొంగ అయితే మల్లొచ్చునా సార్?"

ఉస్తాద్ డాక్టరమ్మ వైపు తిరిగాడు. "రెండు చెవులు చేసిన అమ్మా. రెండూ మీ చేతులనే పెట్టిన. ఒకటి మీ బ్యాగుల ఉన్నది. రెండోది ఏడ?"

డాక్టరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. రంగు వేయించడానికి కారును కాచిగూడ పక్క ఒక షెడ్డులో ఇచ్చినప్పుడు రెండో చెవి వాళ్ళకిచ్చింది. కారు వచ్చేసినా ఆ చెవి కొన్నాళ్ళు అక్కడే ఉండిపోయి, తర్వాత ఇల్లు చేరింది. ఆ సంగతి అందరి ముందూ, వాళ్ళన్నగారి ముందూ, దాచకుండా చెప్పింది. పోలీసులు ఆ షెడ్డుకు వెళితే మా టైర్లు అక్కడే దొరికాయి. చెవి వాళ్ళ దగ్గరున్నప్పుడే నకలు చేయించుకున్నారట.

బయటికొచ్చాక ఉస్తాద్ మెట్ల మీద కూర్చుని చెప్పులు దులుపుకున్నాడు. "చెవి నాలుగొద్దులు పరాయి చేతుల ఉన్నా అంతే అమ్మా, పోయినట్టే. కారు తెండి, మల్ల మారుస్త" అన్నాడు. మార్చాడు. అలవాటు ప్రకారం కొత్త చెవులు ఆవిడ చేతిలోనే పెట్టాడు. ఆవిడ ఒకటి బ్యాగులో వేసుకుని, రెండోది నాకు ఇచ్చింది. ఆ రోజు నాకు ఏడుపు ఆగలేదు. నా కోసం ఒక్క అబద్ధం కూడా ఆడకుండా నన్ను కాపాడిన మనిషి ఆయన. నేను మొక్కే దేవుళ్ళలో ఆయన ఒకడు.

పోయిన నెల దవాఖానలో చూడబోయాను. మనిషి మంచంలో కలిసిపోయాడు. తలగడ కింద తడిమి డబ్బా చెవి తీసి నా చేతిలో పెట్టాడు.

"అక్కకు ఇవ్వచ్చు కదండీ" అన్నాను. ఆయన భార్యను నేను అక్కా అనే పిలిచేవాణ్ణి.

"ఆమెకు ఎర్కే. నేను చెప్పిన. బజారోళ్ళు పైకి అనరు గని, ఉస్తాద్ పోయిండు, మన చెవులు ఇంకొకటి చేసి పెట్టుకున్నడేమో అని లోపల అనుకుంటరు. నువ్వు అందర్ని పిలిచి తెరువు. చూడనియ్యి."

"అలా ఎవరనుకుంటారండీ!"

"నేనైతే అనుకుంట" అని నవ్వాడు.

అందుకే పదకొండో రోజు కర్మ అయ్యాక అందరినీ పిలిచాను. బట్టల కొట్టు సేఠ్ వచ్చాడు, లాడ్జీ మేనేజరు వచ్చాడు, కార్లున్నవాళ్ళు వచ్చారు, డాక్టరమ్మ క్లినిక్ మూసుకుని వచ్చింది. వాళ్ళ ఇళ్ళ తాళాలు, బీరువాల తాళాలు, కార్ల తాళాలు అన్నీ ఆయన చేతుల మీదుగా పోయినవే. అక్క నా పక్కన నిలబడింది. "తియ్యి తమ్మీ" అంది. చెవి తిప్పగానే చప్పుడు లేకుండా తెరుచుకుంది.

లోపల ఆకురాళ్ళు, సుత్తి, మసి దీపం. గోడ పొడవునా తీగలకు గుచ్చిన చెవులు, గుత్తులు గుత్తులుగా. వాటిని చూడగానే బయట గుసగుసలు మొదలయ్యాయి. సేఠ్ ముందుకొచ్చి ఒక గుత్తి ఎత్తి, కళ్ళద్దాలు సర్దుకుని ఒక్కొక్కటే అంచు మీద వేలు రాసి చూశాడు. రెండో గుత్తి చూశాడు. మూడోది ముట్టుకోలేదు. చెప్పులు విప్పి పక్కన పెట్టి, డబ్బాకు దణ్ణం పెట్టాడు. రోడ్డు మీంచి గాలి కొడితే చెవులన్నీ ఒకదానికొకటి తగిలి మోగాయి. ఒక్కదానికీ పళ్ళు లేవు.