ఆడి నెలలో ఇల్లు మారిన పీతలు

ఒంటరితనమనేది ఆ రోజుల్లో మా ఇంటి చుట్టుపక్కల దొరికే సరుకు కాదు. మద్రాసు పురసవాక్కంలో మా ఇంటి ముందు భాగంలో మేము పదకొండు మందిమి, వెనక మూడు పోర్షన్లలో అద్దెకున్నవాళ్లు, అందరికీ కలిపి రెండు స్నానాల గదులు. మనసారా ఏడుద్దామన్నా వరసలో నిలబడాల్సిందే. అందుకే ఎమ్మెస్సీ రెండో ఏడు మా ప్రొఫెసరు, మండపం అనే సముద్రపు ఒడ్డు ఊరి దగ్గరి ఒక పగడపు దీవిలో నెల్లాళ్లు ఒక్కరే ఉండి ఏదో ఒక జీవిని గమనించి రావాలన్నప్పుడు, మిగతావాళ్లంతా తలలు దించుకుంటే నేను ఎగిరి చేయెత్తాను. తొంభైల మొదట్లో సంగతి. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. నా అంత ధైర్యవంతుడు మద్రాసులో లేడని నాకు గట్టి నమ్మకం.

చిక్కల్లా వెళ్లాల్సిన నెల దగ్గర వచ్చింది. అది ఆడి మాసం, తమిళుల ఆషాఢం. మద్రాసులో ఆడి నెలంటే పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు, ఎవరూ ఇల్లు మారరు. ఉండేదల్లా బట్టల కొట్లలో తగ్గింపు అమ్మకాలు. మా నాయనకున్నది చీరల కొట్టు. జనం తోసుకొచ్చే ఆ నెలలో నేను కొట్లో లేకపోవడమంటే ఆయన దృష్టిలో యుద్ధం నడుస్తుండగా సిపాయి పారిపోవడమే. అయినా ఆయన అరవలేదు. (అరిస్తే బాగుండేది.) చీర మడత పెడుతూనే అన్నాడు.

"పో. కానీ ఒక మాట. ఆడ ఉండలేక మధ్యలో వచ్చేసినావనుకో, అప్పరం కాలేజీ మాటెత్తగూడదు. ఈడనే కొట్లో కూర్చోవాల. సరియా?"

"సరి నాయనా," అన్నాను. అమ్మ మాత్రం గోంగూర సీసా సంచీలో కుక్కుతూ, "యాడికో పోయి చేపల్తో మాట్లాడేదానికి ఇంత చదువెందుకురా?" అంది.

దీవిలో ఒక రేకుల షెడ్డు, కొన్ని తుమ్మచెట్లు, ఒక కావలి తాత. అంతే. తాతకు తమిళం తప్ప వేరే భాష రాదు, ఆ తమిళం కూడా రోజుకు పది మాటలకు మించి ఖర్చు చేసేవాడు కాదు. మంచినీళ్లు, కూరగాయలు, ఉత్తరాలు తెచ్చే పడవ వారానికొకసారి వచ్చేది. మొదటి రోజంతా చుట్టూ నీలం నీళ్లు చూసి పొంగిపోయాను. రెండో రోజూ అవే నీళ్లు. మూడో రోజు పొద్దున స్నానాల గది తలుపు ఎవరూ బాదకపోవడం గమనించి, నేనే తలుపు తీసి బయటికి తొంగి చూశాను. ఇంటి మీద బెంగ పెట్టుకున్నానని నాకు నేను ఒప్పుకోవడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

ఆ రోజే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు పగడాల మధ్య మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ, మెత్తగా నల్లగా సొరకాయంత ఉన్న ఒక ప్రాణిని రెండు చేతులతో పైకెత్తాను. సముద్రపు దోసకాయ అంటారు దాన్ని. అది ఒక్క క్షణం ఆలోచించి, తన పేగులన్నీ నా చొక్కా మీదికి కక్కేసింది. చంపేశాననుకున్నాను. నీళ్లలోకి దించి, చేతులు జోడించి, అచ్చ తెలుగులో క్షమాపణ కూడా చెప్పాను. ఒడ్డున కూర్చుని చూస్తున్న తాత తమిళంలో, "భయపడకు తంబీ, దానికి మళ్లీ మొలుస్తాయి" అన్నాడు. ఆ మాట నా మనసులో బాగా నాటుకుంది. నా కొంప ముంచింది కూడా అదే.

నేను ఎంచుకున్న జీవి సన్యాసి పీత. ఇది చచ్చిన నత్తల ఖాళీ గుల్లలో దూరి, ఆ గుల్లనే ఇల్లుగా మోసుకు తిరుగుతుంది. మా చెల్లెలి దగ్గర కొట్టుకొచ్చిన గోళ్ల రంగుతో ఇరవై గుల్లల మీద ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు వేశాను. రోజూ పొద్దున ఏ అంకె ఎక్కడుందో, ఎంత దూరం నడిచిందో కొలిచి రాయడం నా పని. పలకరించడానికి వేరే దిక్కు లేక వాటికి మా పోర్షన్లవాళ్ల పేర్లు పెట్టుకున్నాను. పన్నెండో అంకె గొణుగుడు మామి, ఏడో అంకె పేపరు అరువడిగే మేష్టారు. తొమ్మిదో పీతకు ఒక కాలు లేదు. కుంటుకుంటూ అందరికంటే చివర వచ్చేది. నాకెందుకో దాని మీదే ప్రాణం. "ఏం సార్, తిన్నారా?" అని రోజూ దాన్నే ముందు అడిగేవాణ్ణి.

పదో రోజున తొమ్మిదో అంకె చకచకా పరుగెత్తింది. వంగి చూస్తే కాళ్లన్నీ ఉన్నాయి! రాత్రికి రాత్రి కాలు మొలిచింది! దోసకాయకు పేగులు మొలిచినప్పుడు పీతకు కాలు మొలవదా? ఆనందం పట్టలేక ప్రొఫెసరుకు మూడు పేజీల ఉత్తరం రాసి, ఆ రోజే వచ్చిన పడవలో పంపించాను. ప్రపంచం నా పేరు చెప్పుకోవడానికి ఇంకెంతో కాలం పట్టదనుకున్నాను. మర్నాడు నాలుగో అంకె కుంటుతూ వచ్చింది. పాపం దీనికేమైందోనని తాత ముందు తమిళంలో జాలిపడ్డాను కూడా.

ఆ జాలి మాటలు విని తాత మొదటిసారి పగలబడి నవ్వాడు. "ఇల్లు మారింది తంబీ. ఆ కుంటిదే ఇది. నాలుగో ఇంట్లోకి వచ్చింది."

"ముందే చెప్పొచ్చు కదా తాతా!"

"నువ్వు అడిగావా?"

పీతలు గుల్లలు మారుస్తాయని నాకు తెలియక కాదు. పుస్తకంలో ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసుకున్నవాణ్ణే. కానీ ఆడి నెలలో ఎవరూ ఇల్లు మారరన్నది పుట్టినప్పటి నుంచి చూసి చూసి ఒంట్లో ఇంకిపోయింది. మా అవ్వ ఆ నెలలో పోర్షన్ల వైపు వెళ్లి ఖాళీ చెయ్యమనే మాట కూడా ఎత్తదు. పీతలు కూడా ఈ నెలంతా ఎక్కడివక్కడే ఉంటాయని నా బుర్ర నన్నడక్కుండానే తీర్మానించేసింది. గుల్లల మీద అంకెలు వేశానే కాని పీతల మీద వేయలేదు కదా! నా కొలతలన్నీ గంగలో కలిశాయి. నా అజ్ఞానం నిండిన మూడు పేజీలు అప్పటికే మద్రాసు రైలెక్కాయి.

తర్వాతి పడవ వచ్చేదాకా నేను చేసిందేమీ లేదు. ఇంటికి పోయి కొట్లో కూర్చుందామనే నిశ్చయించుకున్నాను. నిజం చెప్పాలంటే పీతలు ఒక సాకు. నాకు మనుషులు కావాలి. పడవ వచ్చే పొద్దున సంచీ సర్దుకుని ఒడ్డున కూర్చున్నాను. అప్పుడే అలలో ఒక పెద్ద ఖాళీ గుల్ల దొర్లుకుంటూ వచ్చింది. ఎక్కణ్ణుంచో ఒక పీత వచ్చి దాన్ని తడిమి, తనకు పెద్దదనిపించిందేమో, పోకుండా పక్కనే నిలబడింది. ఇంకోటి వచ్చింది. మరోటి. కాసేపటికి పెద్దదాని వెనక చిన్నది, దాని వెనక ఇంకా చిన్నది, వరసగా నిలబడిపోయాయి. చివరికి అన్నిటికంటే పెద్ద పీత ఒకటి వచ్చి ఖాళీ గుల్లలోకి దూరింది. దాని పాత ఇంట్లోకి రెండోది, రెండోదాని ఇంట్లోకి మూడోది. తలుపులు బాదుకోవడం లేదు, తిట్టుకోవడం లేదు. వరస చివర ఉన్నది నా కుంటి పీత.

పడవ ఒడ్డుకు చేరి పడవాయన కేకేస్తున్నాడు. నేను సంచీలోంచి నోటుపుస్తకం లాగి రాస్తున్నాను.

"వస్తావా, రావా?" అన్నాడాయన తమిళంలో.

"వచ్చే వారం," అన్నాను.

అని, పడవ కనుచూపు దాటేదాకా నిలబడి చూసి, సంచీ పక్కన కూలబడి బిగ్గరగా ఏడ్చాను. ఈసారి వరసలో నిలబడే అవసరం కూడా లేదు.

మిగిలిన రోజులన్నీ ఎవరు ఎవరి ఇంట్లోకి మారారన్నదే రాశాను. ప్రొఫెసరు నా మూడు పేజీల ఉత్తరాన్ని క్లాసులో చదివి అందరినీ నవ్వించినా, ఆ రిపోర్టును మాత్రం బాగుందన్నాడు. తిరిగొచ్చిన సాయంత్రం కొట్టుకెళ్లాను. నాయన రిపోర్టు గురించి అడగలేదు. బేరం చేస్తున్నవాళ్లు వెళ్లిపోయేదాకా ఆగి నా మొహంలోకి చూశాడు.

"ఆడ నీతో మాట్లాడేదానికి ఎవురుండారురా?"

"కావలి తాత ఉండాడు నాయనా."

"ఆయప్ప కాకుండా?"

నవ్విద్దామని, "పీతలు," అన్నాను. ఆయన నవ్వలేదు. చేతిలో చీర మడత విప్పి మళ్లీ అదే మడత పెట్టాడు.

"రేప్పొద్దున కాలేజీకి పో. కానీ ఇంకోసారి యాడికన్నా పోతే, ఉండలేకపోతే వచ్చెయ్‌రా. నువ్వు ఓడిపోయినావని నేననుకోను."

ఆ తర్వాత ఉద్యోగరీత్యా ఎన్నో దీవుల్లో గడిపాను. ఎక్కణ్ణుంచీ మధ్యలో రాలేదు. రావచ్చని తెలిసినవాడికి రావాల్సిన అవసరం అంతగా పడదు కాబోలు. నాయన ఆ మాట ముందే అని ఉంటే మాత్రం నేను మొదటి పడవకే పరుగెత్తుకొచ్చి, ఈపాటికి చీరలు మడత పెడుతూ ఉండేవాణ్ణి. ఇప్పటికీ ఒక్కోసారి ఆ కుర్రాడు గుర్తొస్తాడు, ఖాళీ ఒడ్డున, ఒళ్లో నోటుపుస్తకంతో, వెక్కుతూనే కొలతలు రాసుకుంటూ. నవ్వొస్తుంది. వెళ్లి వాడి పక్కన కాసేపు కూర్చోవాలనీ ఉంటుంది.