బొట్టు కింద నంబరు

కరోనా తర్వాత పెళ్ళిళ్ళు మళ్ళీ జోరందుకున్న ఏడాది, మాఘమాసం ముహూర్తాల రోజుల్లో, కరీంనగర్‌లో ఒక బ్యాండు సామాను రిపేరు దుకాణంలో నేను పెద్ద కారీగర్‌ని. మా పనిలో మొదటి మెట్టు పాలిష్. తర్వాత ప్యాడ్లు, అంటే శాక్సోఫోన్ రంధ్రాలను మూసే తోలు బిళ్ళలు అతికించడం. ఆ పైన శ్రుతి చూడటం. నేను మూడూ చేశాను. తెలుగు అక్షరాలు నాకు నలభై ఏళ్ళు దాటాక రాత్రిబడిలో నేర్చుకున్నాను గానీ, అంకెలూ, పనికి కావలసిన రెండు మూడు ఇంగ్లీషు అక్షరాలూ అంతకు ముందే నాకు పని నేర్పిన ఉస్తాద్ నేర్పాడు.

ఒకరోజు చెన్నూరు నుంచి రాజయ్య, అతని మేనల్లుడు సంతోష్ వచ్చారు. రాజయ్య తెచ్చిన శాక్సోఫోన్ అతని తండ్రి కాలం నుంచీ వాళ్ళింటిదే. సంతోష్ కొత్తగా కొన్న కీబోర్డు వెంట తెచ్చాడు. వాళ్ళ బ్యాండులో పాత క్లారినెట్లు పోయి, డ్రమ్ములు, ఈ రెండూ మిగిలాయి. శాక్సోఫోన్, కీబోర్డు కలిసి మోగితే శ్రుతి కలవడం లేదు.

"అక్కా, దీన్ని నువ్వే ఉంచుకో. నా చెవ్వు పోయింది, దమ్ము పోయింది. గీ ఆదివారం హుజూరాబాద్ పెండ్లికి ఇంకొకన్ని చూసుకోమన్న," అన్నాడు రాజయ్య.

"మామ ఒక దారిల పోతడు, నా కీబోర్డు ఇంకో దారిల పోతది. బరాత్‌ల ఎవ్వలెంబడి ఎగురాల్నో జనానికి సమజైతలేదు," అన్నాడు సంతోష్.

"నీ డబ్బా ఒత్తితె మోగుతది. ఊదిచూడు, తెలుస్తది బిడ్డా!"

ముందు గొట్టంలోకి చిన్న బల్బు దించి, మూతలన్నీ మూసి చూశాను. ఎక్కడా వెలుతురు బయటికి రాలేదు, అంటే గాలి పోవడం లేదు. రాజయ్యను వాయించమన్నాను. ఊపిరి నిండుగా ఉంది. వాయించేవాడి చెవి చెడితే ఒక స్వరం పైకి, ఒకటి కిందికి పోతుంది. ఇతని స్వరాలన్నీ కీబోర్డు కంటే ఒకే కొలతన పైకి ఉన్నాయి. శాక్సోఫోన్‌కు తగిలించి ఊదే మూతిని కొంచెం బయటికి లాగితే శ్రుతి దిగుతుంది. లాగి చూశాను. దిగింది గానీ, స్వరాల మధ్య పొందిక చెడింది. లోపం మనిషిది కాదని అప్పుడే అనుమానం వచ్చింది.

శాక్సోఫోన్ వయసు తెలియాలంటే నంబరు చూడాలి. అది వెనకవైపు, కుడి బొటనవేలు ఆనే కొక్కెం కింద ఉంటుంది. మా వైపు బ్యాండువాళ్ళు దసరాకు బొట్టు పెట్టేదీ సరిగ్గా అక్కడే. ఏటేటా పాలిష్ చక్రం తగిలి చాలావాటికి నంబరు అరిగిపోతుంది. రాజయ్య తండ్రి మాత్రం బొట్టు పెట్టిన చోట చక్రం తగలనిచ్చేవాడు కాదట. నూనెలో నానబెట్టి, గట్టిపడిన కుంకుమను మెల్లగా తీశాను. అంకెలన్నీ ఎర్రగా, నిన్న కొట్టినట్టు కనిపించాయి. వాటి కింద ఇంగ్లీషు హెచ్ అక్షరం.

ఏ కంపెనీ నంబర్ల వరుస ఆ కంపెనీదే. బెల్ మీద, అంటే గొట్టం వెడల్పు నోటి మీద, చెరిగీ చెరగని చెక్కుడును బట్టి కంపెనీ తెలిసింది. నంబరును బట్టి అది సుమారు వందేళ్ళ కిందటిది. ఆ రోజుల్లో కొన్ని మిలిటరీ బ్యాండ్లు ఇప్పటికంటే హెచ్చు శ్రుతిలో వాయించేవి. ఆ శ్రుతికి చేసినవాటికి హెచ్, తక్కువ శ్రుతివాటికి ఎల్ కొట్టేవాళ్ళు. పోయిన క్లారినెట్లు కూడా ఆ హెచ్చు శ్రుతివే అయి ఉండాలి, అందుకే ఇన్నేళ్ళూ తేడా బయటపడలేదు.

"రాజన్నా, నీ చెవ్వు మంచిగనే ఉన్నది. సంతోష్, నీ కీబోర్డు శ్రుతి పెంచు," అన్నాను.

"కంపెనీ సెట్టింగ్ అక్కా, ముట్టుకుంటె ఖరాబైతది!"

"పెండ్లిల ఖరాబైతలేదా?"

సంతోష్ బటన్లు వెతికి, కొద్దికొద్దిగా పెంచుతూ పోయాడు. ఒకచోట రెండు మోతలూ ఒకటయ్యాయి. రాజయ్య ఆగలేదు, బరాత్ పాట అందుకున్నాడు. మా దుకాణంలో పాలిష్ చేసే ఖాజా తన చక్రం ఆపి చిందేశాడు. రోడ్డు మీద సోడాబండి ఆగింది.

"అల్లుడా, ఇన్నొద్దులు దారి తప్పింది ఎవ్వలో?"

"నువ్వే పెద్దోనివి మామా! ఇగ ఆపు, అన్నం తిందాం!" అన్నాడు సంతోష్ నవ్వుతూ.

ఆదివారం హుజూరాబాద్‌లో రాజయ్యే వాయించాడు. ఆ తర్వాత ఎవరైనా తమకు వాయిద్యం కుదరడం లేదని వస్తే, ముందు దాని వయసు తేల్చి, తర్వాతే వాయించేవాడి సంగతి మాట్లాడేదాన్ని. పనిలో ఆ వరుస తప్పకూడదు.