పదకొండు తప్పులు

ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి, వరసగా రాసివ్వడం నా పని. ఆఫీసులో అందుకే మెచ్చుకునేవాళ్లు కాబట్టి ఇంట్లోనూ అదే గొప్ప అనుకున్నాను. పప్పులో ఉప్పు తగ్గితే చెప్పేవాణ్ని. సరిపోయిన రోజు నోరెత్తేవాణ్ని కాదు.

మా అమ్మాయి నటి. మెడిసిన్ సీటు వదులుకుని నాటకాల కాలేజీలో చేరింది. టీవీ సీరియళ్లలో ముందు నర్సు వేషం ఇచ్చారు, తర్వాత కొట్లో అమ్మాయి, మళ్లీ నర్సు. విసుగెత్తి తానే రాయడం మొదలుపెట్టింది. రాసినదాంట్లో తానే ఆడింది, మిగతావాళ్లను ఆడించింది, ఆఖరికి దుస్తులు కూడా కుట్టింది.

తన మొదటి నాటకం ఎడిన్‌బర్గ్‌లో వేసినప్పుడు మమ్మల్ని పిలిచింది. చిన్న హాలు. అయిపోగానే జనం లేచి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. గుండె నిండిపోయింది, నిజంగా. బయట తోటి నటుల మధ్య నిలబడి, "ఎలా ఉంది డాడ్?" అని అడిగింది. నేను ఫోను తీసి, అందులో రాసుకున్నవి చదివాను. కప్పులో కాఫీ లేదని తెలిసిపోతోంది. అవ్వ వేషం వేసినామె ఎడమచేత్తో వడ్డించింది. అలా పదకొండు. ఆరోదానికే వాళ్లంతా తలలు వంచుకున్నారు. నేను మాత్రం పదకొండూ చదివాను. "థాంక్స్ డాడ్" అని మా అమ్మాయి కోటు వేసుకుని వెళ్లిపోయింది.

"కోడిగుడ్డుకు ఈకలు పీకేదానికేనా ఇంత దూరం వచ్చింది? బాగుందని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోతాది?" అంది మా ఆవిడ బస్సులో.

తర్వాత నాలుగేళ్లు మా అమ్మాయి ఫోన్ చేస్తూనే ఉంది. వాన గురించి, నా బీపీ గురించి, మా జీపీ డాక్టరు మార్చిన మాత్రల గురించి మాట్లాడేది. తన పని సంగతి మాత్రం ఎత్తేది కాదు. నేను అడిగితే "బిజీ డాడ్" అనేది. టీవీలో హఠాత్తుగా కనబడితే తప్ప ఏం చేస్తోందో నాకు తెలిసేది కాదు. అది నన్ను లోలోపల తినేసింది.

ఈ మధ్య తాను తీసిన మొదటి సినిమా మాంచెస్టర్‌లో వేశారు. వాళ్లమ్మకు టికెట్ పంపింది.

"నన్ను తోడుకోని రావద్దనిందా?" అని అడిగాను.

"వద్దనీ అనలేదు, రమ్మనీ అనలేదు" అంది మా ఆవిడ.

నేనే ఒక టికెట్ కొనుక్కుని, వెనక వరసలో కూర్చుని, ఫోను ఆపేశాను.

సినిమాలో ఒక తండ్రి ఉన్నాడు. అచ్చం నా స్వెట్టర్ లాంటిదే వేసుకుని, కూతురి ముందు ఫోను తీసి జాబితా చదువుతాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. చివర్లో ఆ తండ్రి వంటింట్లో గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరగకుండానే "నన్ను క్షమించమ్మా" అంటాడు, తెలుగులోనే. తెర కింద దాని ఇంగ్లీషు పడింది. నా పక్కన కూర్చున్న ముసలి దొర కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

బయటికి రాగానే మా అమ్మాయి నన్ను చూసింది. ముఖం బిగుసుకుంది.

"సరే చెప్పు డాడ్. ఈసారి ఎన్ని?" అంది ఇంగ్లీషులో.

"ఒకటే. ఆ నాయన కడాన క్షమించమంటాడే, అది జరగలేదు కదమ్మా."

"అవును. అదొక్కటే నేను కల్పించింది" అంది. గొంతులో కోపం లేదు. కోపమున్నా కొంత నయంగా ఉండేది.

అక్కడే, అందరి ముందే, నన్ను క్షమించమ్మా అన్నాను. సగం మాట లోపలే ఉండిపోయింది. సినిమాలో ఆయన అన్నంత బాగా అనలేకపోయాను.