చెవుల మేస్త్రి పెట్టిన ఫొటో

చెవుల మేస్త్రి చివరిగా చేసిన పని నర్సమ్మ ఇంటి తలుపుకు కొత్త తాళం బిగించడం. లోపలినుంచి, బయటినుంచి తిప్పి చూసి, తలుపు మీద పడ్డ తన వేలిముద్రలను చొక్కా అంచుతో తుడిచాడు.

"పాతది అరిగిపోయిందమ్మా," అన్నాడు. అది అబద్ధమని, పక్కన స్క్రూల డబ్బా పట్టుకుని నిలబడ్డ చెల్లెలికి తెలుసు.

తాళంచెవులు కోయడం అతని పని. "ఊరందరి చెవులూ కోస్తావు, నా మాట మాత్రం నీ చెవికెక్కదు," అని అతని భార్య బతికున్న రోజుల్లో ఏడిపించేది. ఆవిడ పోయాక అతనికి కొట్టు, ఇల్లు తప్ప మూడో చోటు లేకుండా పోయింది.

చెల్లెలే పోరు పెట్టింది. "ఫోన్లో అందరూ కలుసుకుంటున్నారట అన్నయ్యా, నువ్వూ చేరరాదూ? ఎంతకాలమని నా బుర్ర ఒక్కటే తింటావు?"

ఆమె ఫోను మాట్లాడుకోవడానికి తప్ప మరెందుకూ పనికిరాదు. అందుకని ఫోన్లు బాగుచేసే ఎదురుకొట్టతను మేస్త్రికి ఖాతా తెరిచిపెట్టాడు. మిగతావన్నీ మేస్త్రే నొక్కుకున్నాడు. అప్పటినుంచి, కోసిన తాళంచెవుల్లో ముచ్చటైనదాన్ని నల్లగుడ్డ మీద ఉంచి ఫొటో తీసి అందులో పెట్టేవాడు.

"ఎవరైనా ఏమైనా అన్నారా?" అని చెల్లెలు అడిగేది.

"ఎవరి పనులు వాళ్ళకుంటాయే. చూస్తూ మాత్రం ఉంటారు."

నర్సమ్మ ఇంటి తాళం మార్చిన రోజు మధ్యాహ్నం కొట్టుకు ఒక వ్యాను డ్రైవరు వచ్చాడు. బీరువా తాళంచెవి పోయిందట, ఎప్పుడో తీసిన ఫొటో మాత్రం ఉందట.

"ఫొటో చూసి చెవి కోయమంటావు, రేపు ఫొటో చూపించి గడ్డం గీయమంటావు," అని నవ్వుతూనే మేస్త్రి ఆకురాయి అందుకున్నాడు. డ్రైవరు కొత్త చెవి పట్టుకెళ్ళి, కాసేపటికే పరుగున వచ్చాడు.

"తెరుచుకుంది మేస్త్రీ!"

మేస్త్రి నవ్వు అక్కడే ఆగిపోయింది. ఈమధ్య తను పెట్టిన ఫొటో నర్సమ్మ ఇంటి తాళంచెవిది. కింద 'మా వీధి చివరింటి నర్సమ్మగారిది' అని రాశాడు కూడా. ఆవిడ ఒంటరి మనిషి.

ఫోనులో అతని గొంతు విని చెల్లెలు కుట్టుమిషను వదిలి, అతను తెమ్మన్న కొత్త తాళంతో పరుగెత్తింది. మేస్త్రి నర్సమ్మ గుమ్మం ముందు సుత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఆ ఎర్రచొక్కావాడు ఫోను చూశాడు, ఇల్లు చూశాడు. మళ్ళీ ఫోను చూశాడు."

"పార్సెళ్ళు ఇచ్చే అతనన్నయ్యా."

"నీకేం తెలుసు? వాడికిప్పుడు ఈ తలుపు ఉన్నా లేనట్టే."

"ఆ ఫొటో తీసేయరాదూ?"

"తీసేశా. చూసినవాళ్ళ కళ్ళల్లోంచి ఎలా తీస్తానే?"

చెల్లెలు అతని పక్కనే కూర్చుంది. అతని భయం ఆమెకూ పాకింది. వీధిలో ఎవరి చేతిలో చూసినా ఫోనే. ఒక మోటారుసైకిలు గేటు ముందు ఆగినప్పుడు మేస్త్రి సుత్తి పట్టుకుని లేచాడు. బండిమీది మనిషి దిగి, చెప్పుకింద ఇరుక్కున్న రాయి తీసుకుని వెళ్ళిపోయాడు. నర్సమ్మ డ్యూటీ దిగి వచ్చేదాకా అలాగే కూర్చున్నారు.

"అయ్యో, ఏమిటి ఇద్దరూ ఇక్కడ?" అందావిడ. మేస్త్రి నిజం చెప్పకుండానే కొత్త తాళం బిగించడానికి లేచాడు.

మర్నాడు పొద్దున్న అతను లేవలేదు. గుండె అన్నారు డాక్టరుగారు.

దినాలయ్యాక చెల్లెలు ఆ ఫోను పట్టుకుని ఎదురుకొట్టుకు వెళ్ళింది. "అన్నయ్య ఫొటోలు రోజూ చూసేవాళ్ళు ఎంతమంది ఉన్నారో. ఇక లేడని ఒక ముక్క రాసిపెట్టు బాబూ."

అతను తెర మీద వేలితో పైకి, కిందికి జరిపాడు. తర్వాత ప్రతి ఫొటో కిందా ఉన్న చిన్న తాళం బొమ్మ చూపించాడు.

"ఇవి ఎవరు చూడొచ్చని ఫోను మొదట్లోనే అడుగుతుందమ్మా. మేస్త్రిగారు తాళం బొమ్మ నొక్కారు. భద్రంగా ఉంటాయనుకున్నారో ఏమో."

"నొక్కితే?"

"పెట్టినవాళ్ళకి తప్ప ఇంకెవ్వరికీ కనబడవు."