చిన్నత్త తొడిగిన రబ్బరు పట్టీలు

పాల క్యాన్లకు రబ్బరు పట్టీలు తొడగడం మా తాత కనిపెట్టాడని బంధువులు చెప్పుకుంటారు. అది సరికాదు కనుక ఇది రాసి ఉంచడం అవసరమైంది. మొన్న పంక్చర్ దుకాణం ముందు రబ్బరు వాసన తగలగానే అంతా జ్ఞప్తికి వచ్చింది.

డెబ్బైల తొలినాళ్లలో పట్నంలోని యాకుత్‌పురాలో మాకు పాడి ఉండేది. పొద్దున్నే ఇత్తడి క్యాన్లు ఒకదానికొకటి తగిలి మోగగానే చిన్నత్త, అంటే తాత చిన్న కూతురు, చెవులు మూసుకొని కేకలు పెట్టేది. ఆ కేకలకు గేదెలు బెదిరి పాలు చేపేవి కావు.

"దీన్ని ఊర్ల మా అక్క దగ్గరికి తోలేస్త. ధందా ఖరాబైతుంది," అన్నాడు తాత.

"ఆడివిల్లను బర్రె లెక్క తోలుతవా?" అని నాయనమ్మ లొల్లి పెట్టింది.

చిన్నత్త మాత్రం పాత సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి క్యాన్లకు తొడగసాగింది. చిన్నతనం కదా, అది బొమ్మల పెళ్లి ఆట అనుకున్నాను.

"క్యాన్లకు గాజులేస్తున్నవా అత్తా?"

"మోగద్దు," అంది, నా వైపు చూడకుండానే.

మరునాడు క్యాన్లు తగిలినా మోగలేదు. చిన్నత్త అరవలేదు. గేదెలు చేపాయి.

"ఏందివి, మూగవైనయ్!" అంటూ తాత వాటిని పదేపదే తాకించి చూశాడు. ఇరుగుపొరుగు పాడివారూ పట్టీలు అడిగి తీసుకువెళ్లారు. ఊరికి పంపే మాట మళ్లీ రాలేదు.

ఆమెకు నయమైందని అందరూ సంతోషించారు. అటువంటి స్వభావాన్ని ఆటిజం అంటారని చాలాకాలం తరువాత తెలుసుకున్నాను. ఆమె చివరి వరకు అట్లాగే ఉంది. మేము అలవాటు పడిపోయిన మోతను ఆమె భరించలేకపోయింది కనుకనే దానికి ఉపాయం వెతికింది. బాగుపడినవి క్యాన్లే.

ఆనాటి మా వాడను ఎరిగినవారు ఇందులో పొరపాటు కనబడితే దయచేసి సరిదిద్దగలరు.