పంగుని దాటకముందే

2019 మార్చి. కోయంబత్తూరులో మేట్టుపాళయం రోడ్డు మీద ఉన్న ఒక నర్సింగ్‌హోమ్‌లో నేను లేబర్ వార్డు ఆయాగా పనిచేస్తున్నాను. లేబర్ వార్డు అంటే కాన్పులు జరిగే గది. నొప్పులు పడే మనిషి నడుము రుద్దడం, బెడ్‌పాన్ పెట్టి తీయడం, తడిసిన గుడ్డలు మార్చడం, పుట్టిన బిడ్డను తుడిచి చుట్టడం ఆయా పనులు. ఎవరూ పనిగా లెక్కపెట్టని పని ఇంకొకటి ఉంది. బిడ్డ పుట్టగానే తలుపు తీసి బయటికి వెళ్ళి కబురు చెప్పాలి. బయట కాచుకున్నవాళ్ళు మొదట అడిగేది మగా, ఆడా అని. తరువాత టైమెంత అని. జాతకానికి టైము కావాలి. తల్లి ఎలా ఉందని ఆ తరువాతైనా అడిగితే మంచివాళ్ళని నేను అనుకుంటాను.

మాది ఊళ్ళోని పాత తెలుగు కాలనీ. ముత్తాతల కాలంలో వీధులు ఊడ్చే పనికి తీసుకొచ్చిన కుటుంబాలు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అక్షరాలు నాకు యాభై దగ్గర పడ్డాక వచ్చాయి, మా చర్చిలో ఆడవాళ్ళకు సాయంత్రం పెట్టిన క్లాసులో. అందుకే అప్పటి సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

సుగుణ అన్నూరు దగ్గర పల్లె నుంచి వచ్చి వార్డులో చేరింది. వాళ్ళూ తెలుగువాళ్ళే, వ్యవసాయం చేసే కుటుంబం. తొలి కాన్పు. వెంట అత్త రంగనాయకమ్మ. నా మాట వినగానే ఆమె ముఖం విప్పారింది.

"ఏమ్మా, నువ్వు మన మాట మాట్లాడతా ఉండావే! యా ఊరు మీది?"

చెప్పాను.

"ఓ, ఆ కాలనీయా," అంది. ఆ తరువాత నేను తెచ్చిన కాఫీ ఆమె ముట్టలేదు. కోడలి బెడ్‌పాన్‌కు మాత్రం నా చెయ్యి పనికొచ్చింది.

సుగుణకు బిడ్డ బాగానే ఉంది. బాగా లేనిది ఆమె. ఉన్నట్టుండి గుండె దడ, చేతులకు చెమట, ఊపిరి అందడం లేదని లేచి కిటికీ దగ్గరికి పరుగు. స్కాన్‌లో ఈడీడీ, అంటే కాన్పు అంచనా తేదీ, ఏప్రిల్ ఆఖరు అని చెప్పిన రోజు నుంచి ఇదంతా మొదలైందట.

ఏప్రిల్ ఆఖరైతే ఏమిటని అనిపించవచ్చు. తమిళ లెక్కలో పంగుని నెల ఏప్రిల్ మధ్యలో అయిపోతుంది. అక్కడి నుంచి మే మధ్య దాకా చిత్తిర. అంతకు ముందు ఏడు జూలై, ఆగస్టుల్లో వచ్చే ఆడి నెలలో కడుపు పడితే చిత్తిరలో కాన్పు వస్తుంది. అందుకని ఆంధ్రలో ఆషాఢానికి తీసుకుపోయినట్టే, ఇక్కడ ఆడి రాగానే కొత్త పెళ్ళికూతుర్ని పుట్టింటివాళ్ళు తీసుకుపోతారు. మొదట్లో ఇది ఎండకు భయపడి పెట్టుకున్న జాగ్రత్తే అయి ఉంటుంది. మండుటెండలో పురుడంటే తల్లికీ బిడ్డకూ కష్టం. పోనుపోను ఎండను వదిలిపెట్టి బిడ్డను పట్టుకున్నారు. చిత్తిరలో పుట్టినది ఇంటికి చేటు అన్నారు. మా కాలనీలోనూ అనేవాళ్ళున్నారు, పొలాలున్న పల్లెల్లోనూ అనేవాళ్ళున్నారు. ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ తేడా లేదు.

రంగనాయకమ్మ మా డాక్టరమ్మను పట్టుకుంది. "పంగుని దాటకముందే కోసి తీసేయండమ్మా. మంచి దినం మేమే చూసుకోని వస్తాము."

"ఇండికేషన్ లేకుండా నేను కోయను," అంది డాక్టరమ్మ. ఇండికేషన్ అంటే ఆపరేషన్ చేయడానికి వైద్యపరమైన కారణం. "నెలలు నిండకముందే తీస్తే బిడ్డకు ఊపిరి కష్టం కావచ్చు. నెల బాగాలేదన్నది కారణం కాదు."

"మీకు కాదు. మాకు ఔను కదా."

డాక్టరమ్మ ఒప్పుకోలేదు. సుగుణ దడ చూసి, వారానికి ఒకసారి మా దగ్గరికి వచ్చే మానసిక వైద్యుడికి చూపించమంది.

ఆయన చిన్న వయసువాడు, మెత్తని మనిషి. ఆడ పేషెంటుతో ఆడమనిషి ఉండాలి కాబట్టి నన్ను తెర పక్కన నిలబెట్టారు. అత్త స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయన హిస్టరీ తీసుకోవడం మొదలుపెట్టాడు. హిస్టరీ అంటే పుట్టినప్పటి నుంచి జరిగినవన్నీ అడిగి తెలుసుకోవడం. ఆ వరుసలోనే అడిగాడు, ఏ నెలలో పుట్టావమ్మా అని.

"పంగుని, సార్," అంది అత్త. "జాతకంలో ఉండాది."

సుగుణ దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ ఉంది. తల ఎత్తకుండానే అంది. "లేదు సార్. చిత్తిర."

"ఏం పాపా, తలకాయ తిరిగిందా? మీ అమ్మ ఇచ్చిన జాతకం నా బీరువాలో ఉండాది."

"అమ్మ మార్చి రాయించింది అత్తా. లేకుంటే నాకు పెళ్ళి కాదని."

ఆ మాట బయటపడ్డాక ఇక ఆగలేదు. "నేను పుట్టిన ఏడే మా బోరు ఎండిపోయిందంట సార్. ఆ ఏడే నాయనకు లారీ తగిలి కాలు పోయింది. రెండూ నా వల్లనే అన్నారు. సూలూరులో అవ్వ ఇంట్లో పెట్టి పెంచినారు. పెళ్ళయినాక, పోయిన ఏడు ఆడి నెలకు పుట్టింటికి పిలుచుకుపోయినారు. పొద్దున లేస్తే నాయన నన్ను చూడకుండా ఆ పక్కకు తిరిగి కూర్చుంటాడు. ఉండలేక మా ఇంటాయనకు ఫోన్ చేసినాను. మేట్టుపాళయం రూముకు పిలుచుకుపోయినాడు."

సుగుణ మొగుడు మోహన్ మేట్టుపాళయంలో వక్కల మండీలో పనిచేసేవాడు. అక్కడ అతనికి ఒక గది ఉంది. ఆడి నెల అక్కడ గడిచింది. ఇది కూడా అత్తకు అప్పుడే తెలిసింది.

"నా కొడుక్కి ఆడిలో కాపురం పెట్టేదానికి వక్కల మండీ దొరికిందా!" అంది రంగనాయకమ్మ. మరొకప్పుడైతే నవ్వు వచ్చే మాటే. తరువాత డాక్టరు వైపు తిరిగింది. "మీరు ఏంటికి నెల అడిగినారు సార్? మీకూ తెలుసా?"

ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. పుట్టిన కాలానికీ, పెద్దయ్యాక వచ్చే డిప్రెషన్, యాంగ్జైటీలకూ సంబంధం ఉందా అని డాక్టర్లు చాలాకాలంగా చూస్తున్నారన్నాడు. డిప్రెషన్ అంటే మనసు కుంగిపోయి లేవకపోవడం, యాంగ్జైటీ అంటే కారణం ఉన్నా లేకున్నా వదలని భయం. తల్లి కడుపుతో ఉన్నప్పటి ఎండ, వెలుతురు, జ్వరాలు బిడ్డ మీద పనిచేస్తాయేమో అని చూస్తారట. కొందరికి కొంచెం తేడా కనిపించింది, కొందరికి ఏమీ కనిపించలేదు, ఇంకా తేలలేదు అన్నాడు. "ఒక మనిషిని చూపించి నీ నెల వల్లే నీకిట్లా అయిందని ఎవరూ చెప్పలేరమ్మా. ఈమెను కుంగదీసింది నెల కాదు, చిన్నప్పటి నుంచి విన్న మాటలని నాకు అనిపిస్తుంది."

రంగనాయకమ్మ అందులో తనకు కావలసినంత తీసుకుని మిగిలింది వదిలేసింది. వరండాలో ఫోన్‌లో ఎవరికో చెబుతుంటే విన్నాను. "డాక్టరే చెప్పినాడు. చిత్తిరలో పుడితే తలకాయకు ఎక్కుతాదంట. ఇంట్లో ఒకటి వచ్చి కూర్చుండాది, తెలీక తెచ్చుకున్నాము. ఇంకోటి వద్దు."

ఏప్రిల్ రెండో వారంలో సుగుణను మళ్ళీ తీసుకొచ్చి ఆబ్జర్వేషన్‌లో చేర్చారు. ఆబ్జర్వేషన్ అంటే ఏమీ చేయకుండా కనిపెట్టి చూస్తుండడం. అత్త మంచం పక్కనే కూర్చుని, కోడలితో మాట్లాడకుండా, కోడలికి వినపడేట్టు గోడతో మాట్లాడేది. సుగుణ తినడం మానేసింది. బీపీ ఎక్కింది. కడుపుకు బెల్టు కట్టి బిడ్డ గుండె విన్నప్పుడల్లా అది నిక్షేపంగా కొట్టుకుంటూనే ఉంది.

అత్త ఇంటికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం నేను తల దువ్వుతుంటే సుగుణ అడిగింది.

"అక్కా, ఇంకా కొన్నాళ్ళు లోపల ఉంటే దానికి మంచిదా?"

"మంచిదే అమ్మిణీ. ఊపిరి బలపడతాది."

"ఉంటే చిత్తిర వస్తాది. లోపల ఉంటే ఊపిరికి మంచిది, ముందే వస్తే బతుకుకు మంచిది. నేను ఏది ఇయ్యాల దానికి?"

"నీకు ఇప్పుడే కోత వద్దనిపిస్తే డాక్టరమ్మతో నీ నోటితోనే చెప్పు. నేను పక్కన నిలబడతాను."

చెప్పింది. సాయంత్రం రౌండ్స్‌లో, వద్దు, ఆగుతానని గట్టిగానే చెప్పింది. డాక్టరమ్మ ఆమె భుజం తట్టింది. కానీ మరునాడు మోహన్ వచ్చాడు. మంచం మీద తల ఆనించి ఏడ్చాడు.

"ఆపరేషన్‌కు ఒక్క సంతకం సుగుణా. అమ్మ నోరు ఇంక ఎప్పటికీ మూసుకుంటాది."

"మూసుకుంటాదా?"

"నా మీద ఒట్టు."

సుగుణ సంతకం పెట్టింది. ఆ పొద్దు బీపీ ఇంకా పైకి పోయింది. డాక్టరమ్మ చాలాసేపు కేస్‌షీట్ చూస్తూ కూర్చుంది. తరువాత నర్సుతో అంది. "ఇండికేషన్ కాలమ్‌లో తల్లి ఆందోళన, బీపీ అని రాయి." తరువాత తనలో తను అన్నట్టు అంది. "ఆ ఆందోళన తెచ్చినవాళ్ళ పేరు రాయడానికి కాలమ్ లేదు."

పంగుని నెల ఇంకా ఒకటి రెండు రోజులు ఉండగా ఆపరేషన్ జరిగింది. వెన్నులో సూది వేసేటప్పుడు సుగుణ భుజాలు నేనే పట్టుకున్నాను. ఆడపిల్ల. ఏడ్చింది, కానీ ఏడుపు సగంలో తెగిపోయింది. ఊపిరి వదిలినప్పుడల్లా సన్నని మూలుగు. దాన్ని గ్రంటింగ్ అంటారు. ఊపిరితిత్తులు ఇంకా సిద్ధంగా లేవని బిడ్డ చెప్పే పద్ధతి అది. ఆక్సిజన్ పెట్టారు. పసిబిడ్డల ఐసీయూ మా దగ్గర లేదు. పెద్దాసుపత్రికి పంపాలన్నారు.

తలుపు తీసి బయటికి వెళ్ళాను. ఆ రోజు మగా ఆడా అని కూడా అడగలేదు రంగనాయకమ్మ.

"టైమెంత?"

"పాపకు ఊపిరి సరిగ్గా ఆడడం లేదమ్మా. పెద్దాసుపత్రికి తీసుకుపోతా ఉండారు."

"అది సరే. టైమెంత, చెప్పు."

చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని చేతులు జోడించింది.

చిత్తిర మొదటి రోజు, తమిళ ఉగాది. రంగనాయకమ్మ పళ్ళెంలో పళ్ళు, అద్దం, బెల్లం పెట్టుకుని వార్డుకు వచ్చింది. నర్సులకు పాయసం పంచుతూ, "మాది పంగుని పిల్ల," అని చెప్పుకుంది. బిడ్డ పెద్దాసుపత్రిలో గాజుపెట్టెలో ఉంది. సుగుణ పిండిన పాలు మోహన్ ఫ్లాస్కులో తీసుకుపోయేవాడు. తీసుకుపోయిన పాలు బిడ్డ తాగిందా అని కూడా ఆమె అడగడం మానేసింది. పాయసం గిన్నె నేను చేతికిస్తే పట్టుకుని అలాగే కూర్చుంది. అది చల్లారిపోయింది.

బిడ్డ బతికింది. సుగుణకు కాన్పు తరువాత వచ్చే డిప్రెషన్ వచ్చింది. మాత్రలు వాడింది. ఆ చిన్న డాక్టరు ఎంత చెప్పినా ఇంట్లో దానికి ఒకటే పేరు, చిత్తిర బుర్ర.

మూడేళ్ళకు ఒకరోజు ఓపీలో కనిపించారు, అత్త, కోడలు, పాప. పాప సన్నగా ఉంది, దగ్గుతూ ఉంది. నేను పలకరించేలోపే రంగనాయకమ్మ మొదలుపెట్టింది.

"నెల తప్పించినాము, ఏం లాభం? ఎప్పుడు చూడు దగ్గు, ఏడుపు. వాళ్ళమ్మ రక్తమే కదా."

మోహన్ వేసిన ఒట్టు నాకు గుర్తొచ్చింది. సుగుణకూ గుర్తొచ్చి ఉండాలి. నా వైపు చూసి నవ్వింది, నోటితో మాత్రమే.

"చూసినావా అక్కా? ఊపిరి ఇయ్యలేదు, నెల ఇచ్చినాను. అదీ చాలలేదు."

పుట్టిన కాలం మనిషి మనసును పాడుచేస్తుందో లేదో డాక్టర్లు ఏదో ఒకనాడు తేలుస్తారేమో. నేను చూసింది వేరు. ఆ ఇంటికి కావలసింది మంచి నెల కాదు, నింద వేయడానికి ఒక మనిషి. నెల తీసేస్తే రక్తం దొరికింది.

అప్పటి నుంచి పనిలో ఒకటి మార్చుకున్నాను. బిడ్డ పుట్టి తలుపు తీశాక, వాళ్ళు నోరు తెరవకముందే "తల్లి బాగుంది" అని చెబుతాను. అది చెప్పి ఆగుతాను.

ఇంతవరకు ఆ మాటకు జవాబు రాలేదు. వచ్చేది, టైమెంత అనే.