చెవి మేస్త్రి స్క్రూడ్రైవరు

మా ఆయన పోయి ఏడాదైంది. ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అనేవారు. కారు స్టార్టు చేసేటప్పుడు వచ్చే చప్పుడును బట్టి దాని రోగం చెప్పడంలో ఆయనకు సాటి లేరు. నేను చదివింది మూడో తరగతే. అయినా ఈ మాట గుండె మీద చెయ్యి వేసుకుని రాస్తున్నాను.

మా రిపేరు షెడ్డులో ఆయనకొక పద్ధతి ఉండేది. వేడి బండిని ముట్టుకునేవారు కాదు. రాత్రంతా అక్కడే ఉంచి, పొద్దున్నే చల్లటి ఇంజను మీద పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, "తిప్పు" అనేవారు. టకటకమంటే బ్యాటరీకి నీరసం. ఒక్కసారి టక్కుమని ఊరుకుంటే స్టార్టరు, అంటే ఇంజన్ని తిప్పి లేపే మోటారు, పాడైనట్టు. ఆయన వింటున్నంతసేపూ ఎవరూ నోరు మెదపకూడదు. తీర్పు చెప్పాక ఎదురు మాట్లాడకూడదు. ముప్పై ఏళ్ళు పక్కన కూర్చుని కిరసనాయిలులో నట్లు కడిగిన నాకూ అదే చట్టం.

ఒకరోజు పొద్దున టాక్సీ డ్రైవరు బండి తిప్పాడు. ఇంజను అందుకుంది. అందుకున్నాక కూడా లోపల సన్నగా కీచుమంటూనే ఉంది. పని అయిపోయినా స్టార్టరు ఇంజన్ని వదలడం లేదన్నమాట. నాకు స్పష్టంగా వినిపించింది. ఆయన బానెట్ మీద రెండుసార్లు తట్టి, "బంగారంలా ఉంది, తీసుకుపో" అన్నారు.

నా నోటికి వీధంతా జడుస్తుంది. ఆ ఒక్క పూట అది పెగల్లేదు. మొగుడి పరువు అనుకున్నాను.

నాలుగో రోజు డ్రైవరు తల్లికి పక్షవాతం కమ్మింది. ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి తాళం తిప్పితే బండి కదల్లేదు. స్టార్టరు కాలిపోయింది. వీధివాళ్ళు తోసి బండిని లేపేసరికి అరగంట పట్టింది. ఆవిడ దక్కింది కానీ మాట మళ్ళీ రాలేదు. ముందే చేరి ఉంటే వచ్చేదో లేదో డాక్టరు కూడా చెప్పలేదు.

డ్రైవరు షెడ్డుకు వచ్చి నిలబడ్డాడు. కేకలు వేయలేదు.

"మేస్త్రిగారూ, ఆ రోజు మీకు నిజంగా ఏమీ వినపడలేదా?"

అప్పుడు బాగానే ఉందని ఆయన ఒక్క మాటంటే సరిపోయేది. కాదనేవాళ్ళెవరు? ఆయన నావైపు చూశారు.

"నాకు వినపడింది బాబూ" అన్నాను. "కీచుమంది. చెప్పలేదు."

"పిన్నిగారూ! నోరు మూసుకోడానికి మీకు నా బండే దొరికిందా?"



"దాన్నేం అనకు" అన్నారాయన, స్క్రూడ్రైవరు తుడుస్తూ. "సన్న చప్పుళ్ళు నాకు అందక రెండేళ్ళయింది. దానికి కూడా చెప్పలేదు."

"అయితే రెండేళ్ళుగా నేను తిట్టినవన్నీ గాలికే పోయాయా?" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

కొత్త స్టార్టరు ఆయనే బిగించారు. మర్నాడు పొద్దున చల్లటి ఇంజను ముందు నిలబడి స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టారు. ఆయన బుగ్గ ఆనిన చోట పిడి అరిగి నున్నబడింది. డ్రైవరు లోపల కూర్చుని నా నోటి వైపే చూస్తున్నాడు.

"తిప్పు" అన్నాను.

ఇంజను అందుకుంది. కీచు లేదు.

"ఏమంటోంది?" అన్నారాయన.

"ఆపి మళ్ళీ తిప్పమనండి."

మూడుసార్లు తిప్పించాను. ఆ తరవాతే బానెట్ మీద తట్టాను.